స్లో కుక్కర్‌లో కోడిని ముక్కలు కొట్టకుండా వండితే మసాలా పడుతుందా?

హంద్రీ_తీరం (కర్నూలు), బుధవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ స్లో కుక్కర్ ఒకటి, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి నిదానంగా వండే కరెంటు గిన్నె, తెచ్చి ఇచ్చారు. కోలగా ఉన్న పింగాణీ గిన్నె, పైన గాజు మూత, ముందువైపు లో (తక్కువ వేడి), హై (ఎక్కువ వేడి), వార్మ్ (వెచ్చగా ఉంచడానికి) అనే గుర్తులతో తిప్పే మర ఒకటి. గిన్నెలో దాదాపు ఆరు లీటర్లు పడుతుంది. ఇంకా పెట్టెలోంచి బయటకు తీయలేదు.

ఆదివారం అనంతపురం నుంచి మా మామగారి అక్కయ్య, ఆవిడ కుటుంబం వస్తున్నారు. పెద్దావిడకు కోడిని నిండుగా వండి, పళ్లెంలో పెట్టి, అందరి ముందూ విడదీసి వడ్డించడం ఇష్టం. సంగటి, పప్పు, పచ్చడి ఎలాగూ ఉంటాయి కాబట్టి ఒక కోడి సరిపోతుంది. దాన్ని ఈ గిన్నెలో వండాలని ఉంది. పొద్దున పెట్టేస్తే మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గర నిలబడకుండా వచ్చిన వాళ్లతో కూర్చోవచ్చు.

వీడియోల్లో చూస్తే కోడి మీద మిరియాల పొడి చల్లి, నాలుగు ఆకులు వేసి మూత పెట్టేస్తున్నారు. బయటకు తీసేసరికి తెల్లగా ఉంటోంది. మా ఇంట్లో అది ఎవరూ ముట్టరు. మన కారం, మన మసాలాతోనే కావాలి. నిండు కోడికి మసాలా లోపలిదాకా పడుతుందా? నీళ్లు ఎన్ని పోయాలి? బ్రాయిలర్ మేలా, నాటుకోడి మేలా? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

కరెంటు_మేస్త్రి (ఆదోని), బుధవారం రాత్రి 9:34

అమ్మా, మసాలా సంగతి తర్వాత. ముందు ఆ కుక్కర్‌ను తిరగేసి అడుగున అంటించిన చీటీ చదవండి. అమెరికా వస్తువు కాబట్టి 120 వోల్టులు అని ఉంటుంది. మన గోడలో వచ్చేది 230. ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి నేరుగా పెట్టారంటే లోపలి తీగచుట్టకు రెట్టింపు వోల్టేజీ అందుతుంది. వోల్టేజీ రెట్టింపైతే అది లాగే కరెంటు శక్తి నాలుగింతల దాకా పోతుంది. 250 వాట్ల వస్తువు మీద 900 వాట్లకు పైగా పడుతుందన్నమాట. తీగచుట్ట మాడిపోవచ్చు, పింగాణీ పగలవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. దయచేసి పెట్టవద్దు.

అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. మీకు కావలసింది స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. 250 వాట్ల కుక్కర్‌కు కనీసం 500 వాట్లది తీసుకోండి. గంటల తరబడి ఆగకుండా పనిచేయాలి కాబట్టి వెసులుబాటు ఉండాలి. తలవెంట్రుకలు ఆరబెట్టే యంత్రాల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు ఉంటాయి, అవి ఇంతసేపు తట్టుకోవు. ట్రాన్స్‌ఫార్మర్‌ను గోడకు ఆనించకుండా, గుడ్డ కప్పకుండా, గాలి ఆడే చోట పెట్టండి.

హంద్రీ_తీరం (కర్నూలు), బుధవారం రాత్రి 9:51

ఇప్పుడే చూశాను అన్నా. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 250 వాట్లు అని ఉంది. మీరు చెప్పకపోతే అడాప్టర్‌తోనే పెట్టేదాన్ని. రేపు మా ఆయన ట్రాన్స్‌ఫార్మర్ తెస్తామన్నారు. 60 హెర్ట్జ్ అని ఉన్నందువల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?

కరెంటు_మేస్త్రి (ఆదోని), బుధవారం రాత్రి 9:58

వేడి పుట్టించే తీగచుట్టకు 50 అయినా 60 అయినా ఒకటే. మర తిప్పే రకం కాబట్టి దిగులు లేదు. అంకెలు వెలిగే గడియారం ఉన్న రకమైతే సమయం కొంచెం వెనకబడవచ్చు, అంతే.

పెన్నా_ఒడ్డు (కడప), గురువారం ఉదయం 6:20

హంద్రీ గారూ, మీ అసలు ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నిండు కోడికి మసాలా లోపలిదాకా పట్టదు. ఎంతసేపు ఊరబెట్టినా అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కారం పైపొరను దాటి పెద్దగా లోపలికి పోవు. లోపలికి పోయేది ఉప్పు ఒక్కటే, అదీ రాత్రంతా ఉంచితే. కాబట్టి ఉప్పు ముందురోజు రాత్రి, మసాలా వండే రోజు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మిగతాదంతా సులువు.

మొదట దుకాణంలో చెప్పవలసినవి చెప్పండి. ముక్కలు కొట్టవద్దనీ, తోలు తీయవద్దనీ గట్టిగా చెప్పాలి. మన దగ్గర అడగకపోతే తోలు లాగేస్తారు. తోలు లేని నిండు కోడి ఇంతసేపు ఉడికితే రొమ్ము పీచులా అవుతుంది. బతికుండగా రెండు కిలోలు తూగిన బ్రాయిలర్ శుభ్రం చేశాక 1.3 నుంచి 1.4 కిలోల దాకా వస్తుంది. మీ గిన్నెకు అది సరైన పరిమాణం. ఇంటికి తెచ్చాక పొట్ట లోపలికి వేళ్లు పెట్టి వెన్నెముకకు అటూ ఇటూ తడిమి చూడండి. పక్కటెముకల సందుల్లో ఎర్రగా, మెత్తగా ఊపిరితిత్తుల ముక్కలు అంటుకుని ఉంటాయి. గోటితో గీకి తీసేయాలి. తోక పైన చిక్కుడు గింజంత పసుపు రంగు నూనె గ్రంథి ఉంటుంది, దాన్ని కూడా కోసేయండి. చాలామంది వదిలేసేది అదే.

కిలో మాంసానికి 10 నుంచి 12 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన రెండు చిన్న చెంచాలు. పసుపుతో కలిపి బయటా లోపలా రుద్దండి. వెడల్పాటి పళ్లెంలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. పచ్చి రసం మరో దాని మీద కారకూడదు.

మర్నాడు ధనియాలు, గసగసాలు, ఎండు కొబ్బరి, లవంగాలు, దాల్చిన చెక్క దోరగా వేయించి పొడి చేసుకోండి. లవంగం, చెక్క మీరు మామూలుగా వేసేదాంట్లో సగమే వేయండి. మూత కింద గంటల కొద్దీ ఉడికితే వాటి ఘాటు బాగా పెరుగుతుంది. కారం, ధనియాల సంగతి ఇందుకు తిరగబడుతుంది, వాటి వాసన తగ్గిపోతుంది. అందుకే మసాలా పొడిలో కొంత దాచుకుని చివర్లో కలపాలి.

పెద్ద మూకుడులో వేరుశనగ నూనె వేసి, మూడు పెద్ద ఉల్లిపాయలను ఎర్రగా వేయించండి. మీకు కర్నూలు ఉల్లికి కొదవ లేదు కదా. తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చి వాసన పూర్తిగా పోయేదాకా. ఆపైన రెండు టమోటాలు, కారం, మసాలా, నూనె పైకి తేలేదాకా. ఇందులో సగం తీసి చల్లార్చి కోడికి పట్టించండి. రొమ్ము దగ్గర తోలు కిందికి రెండు వేళ్లు మెల్లగా పోనిస్తే తోలు చిరగకుండా విడివడుతుంది. ఆ సందులో మసాలా పెట్టి పైనుంచి నిమిరితే సమంగా పరుచుకుంటుంది. తొడల మీద ఎముక తగిలేలా రెండేసి గాట్లు పెట్టి అక్కడ కూడా కూరండి. కాళ్లు రెండూ నూలు దారంతో కట్టేయండి.

పింగాణీ గిన్నెను గోరువెచ్చని నీళ్లతో కడిగి కొంచెం వెచ్చబరచుకోండి. అడుగున మందంగా చక్రాల్లా తరిగిన బంగాళాదుంపలు పరచండి, వాటి మీద మిగిలిన మసాలా. దుంపలు ఈ గిన్నెలో మాంసం కన్నా నిదానంగా ఉడుకుతాయి కాబట్టి వాటి చోటు అడుగునే. పైన కోడిని రొమ్ము పైకి ఉండేలా కూర్చోబెట్టండి. తొడలు కింద రసంలో ఉడుకుతాయి, రొమ్ము పైన ఆవిరికి ఉడుకుతుంది. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. కోడే ఒకటి రెండు గ్లాసుల రసం వదులుతుంది.

మొదటి గంట హైలో, తర్వాత లోలో నాలుగు నుంచి నాలుగున్నర గంటలు. మధ్యలో మూత తీయవద్దు. తీసిన ప్రతిసారీ వేడి పోయి, మళ్లీ అందుకోవడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. గాజు మూత ఉన్నది చూడటానికే.

హాస్టల్_వంట (ప్రొద్దుటూరు), గురువారం ఉదయం 8:05

పెన్నా గారూ, ఇంత వేయించే పని ఉంటే ఇక స్లో కుక్కర్ ఎందుకండీ? అన్నీ పచ్చివే వేసి మీట నొక్కితే అయిపోతుందనే కదా దీన్ని కొంటారు? నా దగ్గర చిన్నది ఉంది, గదిలో పొయ్యి లేదు.

పెన్నా_ఒడ్డు (కడప), గురువారం ఉదయం 8:40

పచ్చివి వేసినా ఉడుకుతాయి నాయనా. కానీ రుచి మనది కాదు. మూకుడులో ఉల్లి ఎర్రబడాలంటే 140 డిగ్రీలు దాటిన పొడి వేడి కావాలి. ఈ గిన్నెలో ఎంతసేపు ఉంచినా 100 డిగ్రీలు దాటదు, పైగా అంతా తడి. అందువల్ల ఉల్లి మెత్తబడుతుంది గానీ ఎర్రబడదు. అల్లం వెల్లుల్లి పచ్చి వాసన మామూలుగా ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. ఇక్కడ ఆ ఆవిరి మూతకు తగిలి నీటి చుక్కలై మళ్లీ గిన్నెలోనే పడుతుంది. వాసన కూడా అందులోనే తిరుగుతూ ఉంటుంది. పాశ్చాత్యుల వంటలో అల్లం వెల్లుల్లి అంత వేయరు కాబట్టి వాళ్లకు ఆ చిక్కు లేదు. మనకు ఉంది.

పొయ్యి లేని గదిలో అయితే ఇంటి నుంచి వేయించిన మసాలా ముద్ద సీసాలో తెచ్చుకో. నూనె పైకి తేలేలా వేయించినది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. దాన్ని పట్టించి మీట నొక్కు.

కోళ్ల_వైద్యం (అనంతపురం), గురువారం ఉదయం 10:15

పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. రుచి గురించి పెన్నా గారు చెప్పాక నాకు మిగిలింది భద్రత గురించి చెప్పడమే. ఈ గిన్నెకు అది చాలా ముఖ్యం.

పచ్చి కోడిలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవులు ఉండవచ్చు. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య అలాంటివి బాగా పెరుగుతాయి. స్లో కుక్కర్ నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి ఆ మధ్య దశలో మాంసం ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. మొదటి గంట హైలో పెట్టమన్నది అందుకే. గడ్డకట్టిన కోడిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా వేయవద్దు. బయట ఉడికినట్టు కనిపిస్తూ ఉంటుంది, పొట్ట లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. ముందురోజే ఫ్రిజ్ కింది అరలోకి దింపి పూర్తిగా కరగనివ్వాలి. పొట్టలో అన్నం, గుడ్లు లాంటివి కూరడం కూడా ఈ గిన్నెకు పనికిరాదు. మధ్యదాకా వేడి చేరడానికి మరింత ఆలస్యం అవుతుంది.

ఉడికిందని చెప్పేది గడియారం కాదు, థర్మామీటర్. వంటకు వాడే సూది థర్మామీటర్ పెద్ద ఖరీదేమీ కాదు. తొడ లోపలివైపు అన్నిటికన్నా మందంగా ఉన్న చోట గుచ్చండి, ఎముకకు తగలకూడదు. 74 డిగ్రీలు చూపితే కోడి భద్రంగా ఉడికినట్టు. తొడ అక్కడ ఆగకుండా ఇంకా 80 దాటి 85 దాకా పోయినా మంచిదే, అందులో కండరాలను పట్టి ఉంచే గట్టి పొరలు కరిగి మెత్తబడతాయి. రొమ్ము అంత వేడికి ఎండిపోతుంది. ఎముక పక్కన గులాబీ రంగు కనిపిస్తే కంగారుపడవద్దు. బ్రాయిలర్ లేత వయసుది కాబట్టి మూలుగలోని రంగు ఎముక దాటి బయటకు దిగుతుంది. 74 దాటితే ఆ రంగుతో ప్రమాదం లేదు. రంగు తెల్లగా ఉన్నా 74 చేరకపోతే మాత్రం తినకూడదు.

ఇంకొకటి. పచ్చి కోడిని కుళాయి కింద కడగవద్దు.

సీమ_రుచి (నంద్యాల రోడ్డు, కర్నూలు), గురువారం మధ్యాహ్నం 1:30

డాక్టరు గారూ, మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ కడగకుండా కోడి వండటం మా ఇళ్లలో జరిగే పని కాదు. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు కడిగితే గానీ నీచు వాసన పోదు. మా అమ్మ, అత్తగారు ఇద్దరూ అలాగే చేసేవారు. దుకాణంలో ఆ మొద్దు మీద, ఆ కత్తితో కోసిన కోడిని కడగకుండా ఎలా తినమంటారు?

కోళ్ల_వైద్యం (అనంతపురం), గురువారం మధ్యాహ్నం 2:10

అమ్మా, మీ పట్టింపు నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇదే మాట. నేను చెప్పేది నీళ్ల చిందుల గురించి. కుళాయి ధార కోడి మీద పడినప్పుడు కంటికి కనపడని తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీద, కడిగి బోర్లించిన గ్లాసుల మీద పడతాయి. కోడి ఉడుకుతుంది కాబట్టి దానిలోని జీవులు చస్తాయి. కొత్తిమీర, గ్లాసులు ఉడకవు కదా. కడిగినంత మాత్రాన కోడి మీదున్న సూక్ష్మజీవులు పోవు, వాటిని చంపేది వేడి ఒక్కటే.

కడగక తప్పదనుకుంటే ఇలా చేయండి. లోతైన గిన్నెలో ముందే నీళ్లు, ఉప్పు, పసుపు వేసి పెట్టుకుని కోడిని అందులోకి మెల్లగా దింపండి. చేత్తో నిమిరి, నీళ్లు చిందకుండా వంచేయండి. తర్వాత కాగితంతో తడి అద్దేసి ఆ కాగితం పారేయండి. సింకు, గట్టు, చేతులు సబ్బుతో కడగండి. తడి ఆరిన కోడికే మసాలా బాగా అంటుకుంటుంది.

సీమ_రుచి (నంద్యాల రోడ్డు, కర్నూలు), గురువారం మధ్యాహ్నం 2:25

ఇది చేయగలిగేలా ఉంది. లోతు గిన్నె పద్ధతే మంచిది.

గుత్తి_కోట (గుత్తి), గురువారం రాత్రి 8:45

ఇంతమంది ఇన్ని చెప్పారు, నాటుకోడి మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడకు పెట్టేది బ్రాయిలరా? సంగటిలోకి నాటుకోడి పులుసు తప్ప ఇంకేదీ నప్పదు. గట్టి మాంసం కాబట్టి ఈ నిదానపు గిన్నెకు పుట్టినట్టే ఉంటుంది. పైగా నాటుకోడిని ఈకలు పీకాక మంట మీద తిప్పి కాలుస్తారు, ఆ కాలిన తోలు వాసన బ్రాయిలర్‌కు ఎక్కడిది?

పెన్నా_ఒడ్డు (కడప), గురువారం రాత్రి 9:15

గుత్తి గారూ, రుచిలో మీతో వాదన లేదు. ఈ గిన్నెకు నాటుకోడి నప్పుతుందన్నదీ నిజమే. వయసు వచ్చిన కోడిలో కీళ్ల దగ్గర, కాళ్లలో కొల్లాజెన్ అనే పీచు లాంటి పదార్థం గట్టిపడి ఉంటుంది. అది నిదానంగా, తడి వేడిలో గంటల తరబడి ఉంటేనే జిగురుగా మారి పులుసులో కలుస్తుంది. బ్రాయిలర్ ఆరేడు వారాలకే కోతకు వస్తుంది, దానికి ఇంత ఓపిక అక్కర్లేదు.

అయితే వచ్చే వాళ్లను కూర్చోబెట్టుకుని మొదటిసారి వండేటప్పుడు నాటుకోడి వద్దంటాను. దాని వయసు మనకు తెలియదు. ఆరు నెలల పెట్టకు లోలో ఏడు గంటలు చాలవచ్చు, రెండేళ్ల పుంజు పది గంటలకు కూడా లొంగకపోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం అనుకుంటే ఈ అనిశ్చితి పనికిరాదు. పైగా నాటుకోడికి కొవ్వు తక్కువ, తొడ మెత్తబడేసరికి రొమ్ము ఎండుతుంది. దాన్ని ముక్కలు కొట్టించి పులుసులో ముంచి వండితేనే న్యాయం. నిండుగా పళ్లెంలో పెట్టాలంటే తోలున్న బ్రాయిలర్.

గుత్తి_కోట (గుత్తి), గురువారం రాత్రి 9:32

సరే, వయసు మాట నిజం. మా దగ్గర సంతలో అమ్మేవాళ్లు ముదురు పుంజును కూడా లేతదనే చెబుతారు. కాలి వెనకనున్న ముల్లు పొడుగు చూసి కొనాలి. పొట్టిగా మొగ్గలా ఉంటే లేతది, పొడుగ్గా వంపు తిరిగి ఉంటే ముదురుది. రొమ్ము ఎముక చివర నొక్కితే వంగాలి. హంద్రీ గారు ఇంకోసారి తప్పకుండా నాటుకోడితో చేయాలి.

గండికోట_దారి (జమ్మలమడుగు), శుక్రవారం ఉదయం 5:50

ఇదంతా చదువుతుంటే మా నాయనమ్మ దాలి గుర్తొచ్చింది. పెరట్లో ఒక మూల నేలలో గుంట, దాన్ని మట్టితో మెత్తి ఉంచేవారు. పొద్దున పాలు పితకగానే పిడకలు పేర్చి, కింద నిప్పు రాజేసి, మంట లేకుండా పైన ఊక కప్పి, దాని మీద పాలకుండ పెట్టేవారు. పిడకలు సాయంత్రం దాకా పొగరాజుకుంటూనే ఉండేవి. పాలు ఒక్కసారైనా పొంగేవి కావు. దించేసరికి ఇటుక రంగుకు తిరిగి, పైన వేలు మందాన మీగడ కట్టి ఉండేది. ఆ మీగడ అంచుల దగ్గర కుండకు అతుక్కున్న గోకుడు కోసం పిల్లలందరం పోట్లాడుకునేవాళ్లం. పాలు లేని రోజు అదే గుంట మీద ఉలవలు ఉడికేవి. సన్నని వేడి, కదలని మూత, పట్టించుకోని మనిషి. మీరందరూ మాట్లాడుకుంటున్న గిన్నె చేసేది అదే పని.

అమెరికాలో ఈ గిన్నెకు మూలపురుషుడు ఇర్వింగ్ నాక్సన్. ఆయనకు 1940లో పేటెంటు వచ్చింది. లిథువేనియాలో వాళ్ల అమ్మగారి ఊళ్లో యూదులు శనివారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్లూ మాంసమూ వేసిన కుండలను రొట్టెల బట్టీలో పెట్టి, మర్నాడు తెచ్చుకునేవారట. ఆ కథ వినే ఆయన దీన్ని తయారుచేశానన్నారు. తర్వాత రైవల్ కంపెనీ ఆ హక్కులు కొని 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు పొద్దున పెట్టి వెళ్లి సాయంత్రం వచ్చి తినేలా ఉండటంతో ఇంటింటికీ చేరింది.

హంద్రీ_తీరం (కర్నూలు), శుక్రవారం రాత్రి 10:05

గండికోట గారూ, మా మామగారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే వాళ్ల ఊరి దాలి గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, థర్మామీటర్ కూడా తెప్పించాను. ఒక్కటే భయం. మా వీధిలో ఆదివారాలు లైను మరమ్మతుల పేరుతో కరెంటు తీస్తుంటారు. మధ్యలో పోతే ఏం చేయాలి?

కోళ్ల_వైద్యం (అనంతపురం), శుక్రవారం రాత్రి 10:20

మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు. కోడి ఉడకకముందే కరెంటు పోయి, వెంటనే వచ్చే సూచన లేకపోతే ఆలస్యం చేయకుండా అంతా పెద్ద గిన్నెలోకి మార్చి గ్యాసు మీద పూర్తి చేయండి. పింగాణీ గిన్నెను మాత్రం మంట మీద పెట్టకూడదు, పగులుతుంది. ఉడికిపోయాక పోయిందనుకోండి, మూత తీయకుండా ఉంచితే రెండు గంటల దాకా భయం లేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర పారేయవలసిందే. చూడటానికి బాగా ఉడికినట్టు కనిపించినా సరే. డబ్బు పోయిందని బాధపడి తింటే ఆసుపత్రి ఖర్చు అంతకన్నా ఎక్కువ అవుతుంది.

కరెంటు_మేస్త్రి (ఆదోని), శుక్రవారం రాత్రి 10:41

దీనికి ఒక మాట కలుపుతాను. వేసవి మధ్యాహ్నాల్లో మన వైపు వోల్టేజీ 200 దాకా దిగుతూ ఉంటుంది. 230కి బదులు 200 వస్తే కుక్కర్ వేడి నాలుగింట ఒక వంతు తగ్గుతుంది. పుస్తకంలో రాసిన గంటలు అప్పుడు సరిపోవు. డాక్టరు గారు థర్మామీటర్ నమ్మమన్నది ఇందుకు కూడా పనికొస్తుంది. కరెంటు ఖర్చు గురించి ఎవరైనా అడిగితే, 250 వాట్లు ఐదున్నర గంటలు పూర్తిగా లాగినా 1.4 యూనిట్లకు మించదు.

హంద్రీ_తీరం (కర్నూలు), ఆదివారం రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

శుభ్రం చేశాక కోడి 1.35 కిలోలు తూగింది. నిన్న రాత్రి ఉప్పు, పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఏడున్నరకు హైలో మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు లోకి మార్చాను. మొదటి గంట ఇల్లంతా నిశ్శబ్దం, ఏ వాసనా లేదు. మా అత్తగారు రెండుసార్లు వచ్చి ఇది పనిచేస్తోందా అని మూత మీద చెయ్యి పెట్టి చూశారు. పది దాటాక ధనియాల వాసన మొదలై పన్నెండుకు వీధి గుమ్మం దాకా వచ్చింది. పన్నెండున్నరకు మూత తీసి తొడలో గుచ్చితే 83 చూపించింది, రొమ్ములో 77.

పైకి తీయడానికి ముందే కోడి కింద పలచటి తెల్లగుడ్డ పట్టీ వేసి ఉంచాను. రెండు కొసలు పట్టుకుని ఎత్తితే చెదరకుండా వచ్చింది. గరిటెతో ఎత్తి ఉంటే కాళ్లు ఊడిపోయేవి, అంత మెత్తగా ఉంది. తోలు మాత్రం మెత్తగా తడిగా ఉండటంతో పెనం మీద నెయ్యి వేసి ఒక్కో వైపు రెండు నిమిషాలు ఎర్రబరిచాను. ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు పది నిమిషాలు బాగా వేడి మీద పెట్టవచ్చు.

రసం పెన్నా గారు చెప్పినట్టే రెండు గ్లాసులకు పైగా వచ్చింది, పలుచగా. దాన్ని మూకుడులోకి వంచి పెద్ద మంట మీద మరిగించాను. వేయించిన వేరుశనగపప్పు, నువ్వులు, కొంచెం పుట్నాలపప్పు మెత్తగా రుబ్బి కలిపితే పది నిమిషాల్లో చిక్కబడింది. దాచిన మసాలా పొడి, గుప్పెడు కొత్తిమీర చివర్లో వేశాను. పళ్లెంలో కోడిని విడదీసి ఆ చిక్కటి పులుసు పైన పోసి వడ్డించాను. మాంసం లోపల ఉప్పు సరిగ్గా పట్టింది, మసాలా పులుసు నుంచి అందింది. పెద్దావిడ సంగటి ముద్ద రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. అడుగున ఉన్న బంగాళాదుంపల కోసం పిల్లలు వంతులు వేసుకున్నారు.

సీమ_రుచి (నంద్యాల రోడ్డు, కర్నూలు), ఆదివారం రాత్రి 9:55

చదువుతుంటేనే ఆకలవుతోంది. పెరుగు వేశారా? మా ఇంట్లో కోడికి పెరుగు లేకుండా ఊరబెట్టరు.

పెన్నా_ఒడ్డు (కడప), ఆదివారం రాత్రి 10:10

పెరుగును ఐదు గంటలు ఉడకనిస్తే విరిగి పులుసు నిండా పలుకులవుతుంది. చివర మరిగించడం అయ్యాక, మంట తగ్గించి, చిలికిన పెరుగు కొద్దికొద్దిగా కలపండి. కొబ్బరిపాలకూ ఇదే పద్ధతి. హంద్రీ గారూ, ఎముకలు పారేశారా?

హంద్రీ_తీరం (కర్నూలు), ఆదివారం రాత్రి 10:18

లేదండీ, వడ్డించేటప్పుడు విడదీసిన వెన్ను, మెడ, రెక్కల కొసలు తినకముందే పక్కన తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. మిగిలిన మాంసం కూడా కొంచెం ఉంది.

పెన్నా_ఒడ్డు (కడప), ఆదివారం రాత్రి 10:31

రేపు రాత్రి ఆ ఎముకలను అదే గిన్నెలో వేసి, మునిగేలా నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, పది మిరియాలు, చిన్న అల్లం ముక్క వేసి లోలో ఎనిమిది గంటలు ఉంచండి. పొద్దున వడకట్టి చల్లారిస్తే గడ్డలా పేరుకుంటుంది. ఆ రసంతో మిరియాల చారు పెట్టి చూడండి, జలుబు చేసిన వాళ్లకు అంతకన్నా మందు లేదు. చల్లటి నీళ్లు వేడి గిన్నెలో పోయవద్దు, పింగాణీ చిట్లుతుంది.

కోళ్ల_వైద్యం (అనంతపురం), సోమవారం ఉదయం 7:00

మిగిలిన మాంసం గురించి. వండిన కూర గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మన ఎండాకాలంలో గది వేడే 32 దాటుతుంది కాబట్టి గంటే లెక్క. వార్మ్‌లో పెట్టి రాత్రి దాకా ఉంచేవాళ్లున్నారు. వడ్డించేదాకా ఉంచడానికి తప్ప దాన్ని అంతసేపు నమ్మవద్దు. ఆ పింగాణీ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టకండి, మందపాటి గోడలు వేడిని పట్టి ఉంచడంతో లోపలిది త్వరగా చల్లారదు. వెడల్పాటి డబ్బాల్లోకి పలుచగా సర్ది పెట్టండి. మళ్లీ వేడి చేసేటప్పుడు స్లో కుక్కర్‌లో వద్దు, పొయ్యి మీద బాగా ఉడుకు పట్టేదాకా కాచండి.

హాస్టల్_వంట (ప్రొద్దుటూరు), సోమవారం సాయంత్రం 6:40

అందరూ చెప్పినది రాసుకున్నాను. నాది మూడు లీటర్ల గిన్నె. నిండు కోడి పడుతుందా? మూత కొంచెం ఎత్తుగా ఉన్నా వెయ్యవచ్చా?

పెన్నా_ఒడ్డు (కడప), సోమవారం సాయంత్రం 7:05

మూత అంచులకు ఆనకపోతే ఆవిరి పోతుంది, పైన రొమ్ము ఉడకదు. గిన్నె సగానికి తక్కువ ఉండకూడదు, మూడింట రెండు వంతులకు మించకూడదు. మీ గిన్నెకు కోడిని నిలువునా వెన్ను దగ్గర రెండుగా చీల్పించి అందులో సగం, అంటే ఒక కాలు, ఒక రెక్క, ఒక వైపు రొమ్ము ఉన్న ముక్క వండుకోండి. తోలు ఉంచమనండి. హైలో గంట, లోలో రెండున్నర గంటలయ్యాక గుచ్చి చూడండి. ఇద్దరు స్నేహితులకు సరిపోతుంది. మిగిలిన సగాన్ని ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వండేయండి.